పార్టీ చీలినప్పుడు కొట్లాట ఎట్ల నడపాల?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది. ఆరేళ్ళ కిందట నేను చేసిన తప్పే అచ్చం నువ్వూ చేసినావు. నువ్వు చెప్పింది ఇదీ: అనంతపురంలో హాస్టల్ గదిలో ఐదుగురితో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ ఆడిస్తున్నావు. ఒకడు (డీఎం) కథ నడుపుతాడు, మిగిలినోళ్ళు ఒక్కో పాత్రగా పాచికలేసి ఆడతారు, ఆ పాత్రల గుంపే పార్టీ. గుత్తి కోట చూసొచ్చి ఆ పోలికతో ఒక కొండకోట రాసుకున్నావు. రోగ్ (దొంగచాటుగా దూరేవాడు), విజర్డ్ (మంత్రగాడు) ఇద్దరూ వెనక దిడ్డివాకిలి నుంచి దూరినారు. మిగిలిన ముగ్గురూ ముందు గేటు దగ్గర కాపలావాడితో మాటలు పెట్టుకున్నారు. లోపల గంట మోగింది, ఆరుగురు బందిపోట్లు ఇద్దరి మీదా పడినారు. ఆ కొట్లాటే గంటసేపు నడిచింది. గేటు దగ్గరి ముగ్గురూ ఫోన్లు తీసినారు, అందులో ఒకడు "వచ్చే వారం నాకు పనుంది" అనేసినాడు. రోగ్ హిట్ పాయింట్లు (ప్రాణబలం) సున్నాకు పడినాయి, విజర్డ్‌కు 4 మిగిలినాయి, ఆడికి ఆపేసినారు. ఇప్పుడు ఎట్ల మొదలుపెట్టాల, మళ్ళీ ఇట్లాంటిది వస్తే ఎట్ల నడపాల అని అడుగుతున్నావు.

నీ కోటలో రెండు గడియారాలున్నాయి. గేటు దగ్గరిది నిలిచిపోయింది, లోపలిది ఒక్కటే నడుస్తాంది. కష్టమంతా ఆడ్నే ఉంది. బందిపోట్లు ఆరుగురా ముగ్గురా అనేది ఆ తర్వాతి లెక్క.

మాది కర్నూలు. ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ తిని మా హాల్లో కూచుంటే మధ్యాహ్నం రెండు దాకా ఆట. మ్యాపులు కొనింది ఎప్పుడూ లేదు. హాల్లో పరిచింది బేతంచెర్ల బండలు. ఒక్కో బండను చాక్‌పీసుతో నాలుగు గళ్ళు చేసి, గడికి ఐదు అడుగులని లెక్క పెట్టుకుంటే ఎంత పెద్ద గుహైనా గీయొచ్చు. పాత్రలకు బారాకట్ట గవ్వలు, గోబ్లిన్లకు (చిన్న రాక్షసులు) చింతపిక్కలు. ఆట అయినాక బండలు తుడిచేది కూడా డీఎమ్మే. ఈ రూలు మా అమ్మ పెట్టింది, ఏ పుస్తకంలోనూ లేదు.

నేను రాసిన మొదటి పెద్ద డంజన్‌కు (ఆటలో పార్టీ దూరే గుహ, కోట లాంటి చోటు) బెలుం గుహలే ఆధారం. మాకు 100 కిలోమీటర్ల పైచిలుకు దూరం, చిన్నప్పటి నుంచి నాలుగైదు సార్లు పోయినా. మొత్తం 3,229 మీటర్ల గుహ, చూడ్డానికి వచ్చినోళ్ళను పోనిచ్చేది అందులో సగం దాకానే. లోపల ఒకటే ఉక్క. ఒకచోట నడుం వంచి పోవాల, ఇంకోచోటికి వస్తే గుడి మండపమంత ఎత్తు. సింహద్వారం, కోటిలింగాలు, అన్నిటికంటే కింద పాతాళగంగ, అది వాకిలి కంటే 46 మీటర్ల లోతు. డంజన్‌కు ఇంతకంటే ఏం కావాల అనుకున్నా. ఇన్ని దారులు చీలే చోట పార్టీ కూడా చీలుతుందని మాత్రం తట్టలేదు.

రోగ్, ఫైటర్ (కత్తిపట్టి పోరాడేవాడు) పాతాళగంగకు దిగినారు. క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి), విజర్డ్, రేంజర్ (అడవి వేటగాడు) కోటిలింగాల వైపు పోయినారు. కింద ఎనిమిది గోబ్లిన్లు. "మీరు ముగ్గురూ కాస్త ఉండండి, వీళ్ళది అయిపోనీ" అన్నా. ఆ "కాస్త" 55 నిమిషాలైంది. క్లెరిక్ ఆడే అక్క లేచి వంటింట్లోకి పోయి మా అమ్మతో ఓళిగలకు పూర్ణం రుబ్బింది. రేంజర్ ఆడేవాడు మళ్ళీ బజ్జీలు తెస్తానని పోయి కొండారెడ్డి బురుజు దగ్గర ఎవరో కనపడితే ఆడ్నే నిలబడిపోయినాడు. రెండో రౌండులో రోగ్ పడినాడు, ఐదో రౌండుకల్లా మూడు డెత్ సేవ్‌లూ (పడినోడు బతుకుతాడా లేదా అని వేసే పాచికలు) పోయి చచ్చిపోయినాడు. ఫైటర్ ఎట్లనో పైకి పాక్కుంటూ వచ్చినాడు.

అప్పుడు నేను ఆ ముగ్గురి వైపు తిరిగి "ఊ, మీరేం చేస్తారు?" అన్నా. పది నిమిషాలు గదంతా వెతుకుతామన్నారు. సరే అన్నా. వెతికినారు, వెండి కంచమొకటి దొరికింది. రోగ్ ఆడినోడు ఇంటర్ నుంచి నా స్నేహితుడు, అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. నిదానంగా అడిగినాడు: "ఏమప్పా, నేను అరిచింది వీళ్ళకు యాడా వినపళ్ళేదా? గుహ కదా, గుసగుసలాడినా మోగుతాది."

జవాబు చెప్పలేకపోయినా. క్యారెక్టర్ షీట్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మూడు వారాలు రాలేదు. వాడి కోపం చచ్చినందుకు కాదని నాకు తర్వాత తెలిసింది. వాడు చస్తావుంటే పక్కనోళ్ళు కంచం వెతుకుతా ఉన్నారు, దానికి నేను సరే అన్నా, అదీ వాడి బాధ.

ఆ రాత్రి కూచోని లెక్క వేసినా. రూల్స్ ప్రకారం రౌండు అంటే ఆరు సెకన్లు. పది రౌండ్లయితే ఒక నిమిషం. మా కొట్లాట ఐదు రౌండ్లు, అంటే 30 సెకన్లు. హాల్లో మాకు గంట కావచ్చిన యుద్ధం గుహలో అర నిమిషం! ఆ అర నిమిషంలో మనిషి పెట్టె మూత తీసి లోపలికి తొంగి చూడగలడు, కత్తి దూసి రెండు మలుపులు పరిగెత్తగలడు, అంతే. పది నిమిషాలు వెతకడమంటే నూరు రౌండ్లు. నూరు రౌండ్లలో రోగ్‌ను చంపి, దహనం చేసి, బూడిద పాతాళగంగలో కలిపి ఉండొచ్చు.

అప్పటి నుంచి ఒకటే పద్ధతి. ఎక్కడైనా ఒకచోట ఇనీషియేటివ్ (ఎవరి వంతు ముందో తేల్చే పాచిక) వేసినామంటే పార్టీలో అందరూ వేయాల్సిందే, గుహలో ఉన్నా కోట బయట ఉన్నా. అందరికీ రౌండు ఒకటే, ఆరు సెకన్లు ఒకటే. కొట్లాటలో లేనోడి వంతు వచ్చినప్పుడు "ఏం చేస్తావు?" అని అడగను. "ఈ ఆరు సెకన్లలో ఏం చేస్తావు?" అని అడుగుతా. ఆ మూడు ముక్కలు చేర్చినందుకే ఆట మారిపోయింది. గది వెతుకుతానన్నోడు "ఎడమ చేతి పక్కనున్న గూడులో చేయి పెడతా" అంటాడు. అందులో తేలు ఉండొచ్చు, తాళంచెవి ఉండొచ్చు. చిన్న పనికి చిన్న ఫలితం, వెంటనే.

మాటలాడేవాళ్ళకు ఇంకా బాగుంటుంది. ఆరు సెకన్లంటే నోటికి ఒకటి రెండు వాక్యాలే. నీ గేటు దగ్గరి ముగ్గురూ కాపలావాడితో రౌండుకు ఒక్క వాక్యం మాట్లాడాల. లోపల గంట మోగుతావుంది, కాపలావాడు తల తిప్పి చూస్తాండాడు. ఆ ఒక్క వాక్యం ఏందో తేల్చుకోడానికి ఆ పిల్లోళ్ళు పడే అవస్థ లోపల కత్తులు తిరగడానికి తక్కువేం కాదు. మా బార్డ్ (పాటగాడి పాత్ర) ఒకసారి సుంకం కట్టే చోట మూడు రౌండ్లలో మూడు అబద్ధాలు చెప్పినాడు, మూడోది మొదటిదాన్ని కొట్టేసింది. ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటాం.

ఒక చిక్కు ఉంది, అది కూడా చెప్పాల. మొదట్లో ఇనీషియేటివ్ ఎట్ల పడితే అట్ల, రెండు చోట్లనూ కలిపి నడిపినా. కింద గుహలో రోగ్‌కు 19, పైన క్లెరిక్‌కు 17, కింద గోబ్లిన్‌కు 15, పైన విజర్డ్‌కు 12. ఒక్కో రౌండులో ఏడెనిమిది సార్లు ఈ మ్యాపు నుంచి ఆ మ్యాపుకు ఎగరాల. అరగంటకే తలనొప్పి వచ్చింది, ఎవరు ఎక్కడున్నారో నాకే గుర్తు లేదు. ఇప్పుడు ఒక రౌండులో ముందు ఒకచోట అందరి వంతులూ వాళ్ళ వరుసలో అయిపోతాయి, తర్వాత రెండో చోటు. అందరివీ అయినాకే రౌండు దాటేది. ఒకచోటి నుంచి రెండోదానికి పరిగెత్తినోడు ఆ రౌండు చివర చేరినట్టు. పుస్తకం ప్రకారం ఇది సరికాదనే వాళ్ళుంటారు. వాళ్ళు ఐదు మందిని పెట్టుకుని రెండు మ్యాపులు నడిపి చూసి అప్పుడు చెప్పాల.

రెండు మ్యాపులూ అందరి కళ్ళ ముందరే ఉండాల. నేను హాల్లో ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి గీస్తా, నడుమ ఉన్న దూరాన్ని అడుగుల్లో పెద్దగా రాసేస్తా. ఈ దూరం దాచిపెట్టేది చాలామంది చేసే పొరపాటు. సాయానికి పోవాల్నా వద్దా అనేది ఆటగాడు తేల్చుకోవాలంటే వాడికి అంకె తెలియాల.

ఆ అంకె ఎట్ల పనిచేస్తుందో చూడు. మామూలు మనిషి వేగం 30 అడుగులు, డ్యాష్ చేస్తే, అంటే యాక్షన్ (వంతులో చేసే ముఖ్యమైన పని) కూడా పరుగుకే వాడితే, రౌండుకు 60. క్లెరిక్ 240 అడుగుల దూరంలో ఉంటే నాలుగు రౌండ్లు. కానీ హీలింగ్ వర్డ్ (గాయం మాన్పే మంత్రం) 60 అడుగుల దాకా అందుతుంది, పైగా అది బోనస్ యాక్షన్ (వంతులో అదనంగా చేసే చిన్న పని). డ్యాష్ యాక్షన్‌ను తింటుంది, బోనస్‌ను ముట్టుకోదు. కాబట్టి మూడో రౌండులో 180 అడుగులు పరిగెత్తి, ఆగినచోటి నుంచే పలకొచ్చు. కాకపోతే పడినోడు కంటికి కనపడాల. బెలుం లాంటి గుహలో ఏడు వంకర్లు, ఆఖరి మలుపు తిరిగేదాకా కనపడడు. మూడు రౌండ్లా నాలుగా అనేది ఆ ఒక్క మలుపు మీద ఆధారపడుతుంది. పడినోడు తన ప్రతి వంతుకూ డెత్ సేవ్ వేస్తాడు: 10, ఆ పైన పడితే గెలుపు, మూడు తప్పులైతే చావు. ఐదు అడుగుల లోపల నిలబడి ఎవడన్నా పొడిచి తగిలితే అది క్రిటికల్, ఒకేసారి రెండు తప్పులు. బల్ల చుట్టూ అందరికీ ఈ లెక్క తెలిస్తే, క్లెరిక్ పరుగు మొదలుపెట్టిన క్షణం నుంచి ఫోన్ ఎవ్వరూ ముట్టుకోరు.

రెండు గుంపుల నడుమ కబురు ఎట్ల పోతుందో కూడా ముందే తేల్చుకోమని చెప్పు. మెసేజ్ మంత్రం 120 అడుగుల దాకా పోతుంది, మలుపులు తిరిగి పోతుంది, అడుగు మందం రాయి అడ్డమొస్తే మాత్రం ఆగిపోతుంది. కోటగోడ ఎంత మందమో నీకు తెలుసు. మావాళ్ళు రెండోసారి గుహలోకి దిగినప్పుడు మంత్రం నమ్ముకోలేదు. బెలుంలో సప్తస్వరాల గుహ అని ఒకటుంది, వేలాడే రాళ్ళను కట్టెతో తడితే గంటల్లా మోగుతాయి. ఒక దెబ్బ అంటే రండి, రెండు దెబ్బలంటే రావద్దు పారిపోండి అని పెట్టుకున్నారు. కొట్లాటలో రేంజర్ ఒక దెబ్బ కొట్టినాడు, అది మారుమోగింది. మోగింది ఒకటా రెండా అని అటువైపు ముగ్గురూ కొట్లాడుకున్నారు. ఆ చిలిపి ఆలోచన నాది కాదు, డైస్ వేసి క్లెరిక్ వినికిడి చూస్తే 3 పడింది.

ఇంక నాకు బాగా అక్కరకొచ్చింది ఒకటి చెప్తా, తోలుబొమ్మలాటలో చిన్నప్పుడు చూసింది. పద్మవ్యూహం. అర్జునుణ్ణి సంశప్తకులు యాడికో దూరంగా లాక్కుపోయినారు. అభిమన్యుడు లోపలికి చొచ్చుకుపోయినాడు. వెనకాలే పోవాల్సిన భీముడు, ధర్మరాజు, నకుల సహదేవులను వాకిట్లో సైంధవుడు ఒక్కడే నిలబెట్టేసినాడు. డీఎం కంటితో చూడు, మూడు ముక్కలైన పార్టీ ఇది. సైంధవుడికి చంపే పని లేదు, వాకిలి కాసే పనే. అయినా భీముడికి ఆడ చేతినిండా పని ఉంది, లోపల పిల్లోడి అరుపులు వినపడతాండాయి. భీముడికి ఫోన్ చూసే తీరిక యాడిది?

కాబట్టి రెండో గుంపుకు ఎప్పుడూ ఒక సైంధవుణ్ణి పెడతా. వాళ్ళకు వేరే పెద్ద యుద్ధం అక్కర్లేదు, ఎనిమిది గోబ్లిన్లు ఈడ, ఎనిమిది ఆడ అని పెడితే రాత్రి భోజనాలకు కూడా ఆట తెమలదు. ఒక అడ్డం చాలు. మూసిన చెక్కతలుపు, ఏసీ (దెబ్బ తగలాలంటే పాచికకు రావాల్సిన అంకె) 15, హిట్ పాయింట్లు 18. లేకపోతే తెగిన తాళ్ళవంతెన, ఇరుకు సందులో ఒకే ఒక్క ఓగర్ (పెద్ద రాక్షసుడు). దాన్ని దాటడానికి రెండు మూడు రౌండ్లు పట్టాల, దాటడం వాళ్ళ చేతిలో ఉండాల. దాటలేని అడ్డం పెడితే మాత్రం వాళ్ళను మళ్ళీ కూచోబెట్టినట్టే. సైంధవుడికి వరముంది, నీ తలుపుకు లేదు.

అడ్డం పెట్టడానికి కూడా వీల్లేనప్పుడు, ఊరికే కూచున్నోళ్ళకు శత్రువులను పంచేస్తా. చిన్న కాగితం ముక్క మీద రాసిస్తా: "బందిపోటు. ఏసీ 12, హిట్ పాయింట్లు 11, కత్తికి +3, దెబ్బ 1డీ6+1 (ఆరు ముఖాల పాచిక ఒకటి, దానికి 1 కలిపి). కూలికి వచ్చినోడు, సగం ప్రాణం పోతే పరుగు." ఆఖరి వాక్యం మర్చిపోవద్దు. మొదటిసారి అది రాయకుండా ఇచ్చినా. మా విజర్డ్ ఆడే పాప, పదో తరగతి, ఎవరన్నా తిడితే కళ్ళనీళ్ళు పెట్టుకునే పిల్ల. చేతికి రెండు హైనాలు ఇస్తే సొంత అన్న ఆడే ఫైటర్‌ను కిందపడినాక కూడా వదల్లేదు. ఇంటికి పోయినాక కూడా వాళ్ళ మధ్య ఆ తగువు నడిచిందంట.

పక్క గుంపు సంగతి వినపడకూడదని బయటికి పంపే పద్ధతి కూడా చేసి చూసినా. ఇద్దరినీ మిద్దె మీదికి పంపితే మా నాయన రేడియో పక్కన చేరి క్రికెట్ స్కోరు వింటా కూచున్నారు, పిలిచినా దిగరు. అందరూ వినాల, వినే పాత్రకు మాత్రం తెలియదు, అంతే. పెద్దోళ్ళకు ఇది కష్టం కాదు. సినిమాలో విలన్ తలుపు వెనక ఉన్నాడని మనకు తెలుసు, హీరోకు తెలియదు. మనం కుర్చీ అంచుకు జరుగుతాం కదా.

రెండు గుంపులూ మరీ దూరమైతే, అంటే ఒకరు కొండమీద, ఇంకొకరు ఒక పూట ప్రయాణం దూరంలోని ఊర్లో ఉంటే ఈ ఒకటే రౌండు పద్ధతి పనికిరాదు. అప్పుడు ఒకచోట పావుగంట నడిపి ఏదో ఒకటి తేలబోయే ముందర ఆపి రెండోచోటికి పోతా. అంతకు మించి నా దగ్గర కిటుకు లేదు. పార్టీ చీలకూడదని ముందే ఒట్టు వేయించుకునే డీఎంలు ఉన్నారు. నాకు నచ్చదు. రోగ్ ఆడేవాణ్ణి వెనక దిడ్డి నుంచి పోవద్దంటే ఇంక వాడు రోగ్ ఎందుకు తీసుకున్నట్టు?

ఇప్పుడు నీ కోట సంగతి. జరిగిపోయిన గంటను వెనక్కి తిప్పలేవు, కానీ ఆ గంట కోటలో ఎన్ని రౌండ్లో లెక్కపెట్టు. నాలుగు రౌండ్లనుకో, 24 సెకన్లు. గేటు దగ్గరి ముగ్గురికి ఆ 24 సెకన్లు నువ్వు బాకీ. ఈసారి మొదలుపెట్టేటప్పుడు విజర్డ్ దగ్గర మొదలుపెట్టొద్దు. ముందు గేటు దగ్గరికి రా. గంట మోగినప్పటి నుంచి నాలుగు రౌండ్లు ఆ ముగ్గురితోనే ఆడించు, మనిషికి రౌండుకు ఒక పని. లోపల జరిగింది అందరికీ తెలిసిందే, ఐనా వాళ్ళు కాపలావాణ్ణి పడగొట్టి గేటు దాటినారంటే నాలుగో రౌండు ఆఖరుకు ఎంత దూరం వచ్చినారో నేల మీద గుర్తు పెట్టు. గేటుకూ కొట్లాట జరిగే చోటుకూ 180 అడుగులని పెట్టుకో, నడుమ ఒక చెక్కతలుపు. ఐదో రౌండు నుంచి రెండు చోట్లా కలిపి నడిపించు.

బందిపోట్లను కూడా ఒకసారి ఆలోచించు. పడిపోయిన రోగ్‌ను పొడవడంలో వాళ్ళకు లాభమేముంది? బతికుంటే విడిపించుకోడానికి డబ్బులడగొచ్చు. ఇద్దరు వాణ్ణి ఈడ్చుకుపోతారు, ఇద్దరు విజర్డ్ మీదికి వస్తారు, మిగతా ఇద్దరు తలుపు కాడికి పరిగెత్తుతారు. వాళ్ళూ చీలినట్టే. డెత్ సేవ్‌లు మాత్రం మాఫీ చేయొద్దు, రోగ్ ఆడేవాడు అందరి ముందరే వేయాల.

పనుందన్నాడే, ఆ పిల్లోడికి శనివారం ఫోన్ చేసి ఒక్క మాట చెప్పు: ఆ చెక్కతలుపు వాడి గొడ్డలి ముందర ఉందని.